మార్తమ్మ మాటలు బయటికి పోయిన ఎండకాలం

మొన్న పెద్దపల్లి బస్టాండు పక్కపొంటి ఒక చాయ్ బండి కాడ నిలబడ్డ. బండాయనకు గ్యాసు అయిపోయినట్టుంది, ఎక్కడికెల్లి తెచ్చిండో గని నాలుగు బొగ్గుపెళ్ళలు తెచ్చి, మట్టి మెత్తిన పాత బకెట్ల ఏసి, కింద చిన్న పుల్లలు పెట్టి ముట్టిచ్చిండు. బొగ్గు అంటుకునేటప్పుడు ముందుగాల పచ్చగ, దొడ్డుగ లేచే పొగ ఉంటది, గొంతుల గరగరమని గుచ్చి, కండ్లల్ల నీళ్ళు తెచ్చి, మెల్లగ తెల్లబడి పోతది. అది ముక్కుకు తాకంగనే నాకు ఎక్కాల్సిన బస్సు యాదికి లేదు, చేతుల చాయ్ యాదికి లేదు. గోదావరిఖనిల మా క్వార్టర్ ముంగట నిలబడ్డట్టే అయింది. లైను లైనంత ఒక్కపారే పొయ్యిలు ముట్టిచ్చిండ్రు, మీ అమ్మ రెండు జడలేసుకొని దగ్గుకుంట ఇసనకర్ర ఊపుతున్నది.

మీరిద్దరు ఫోన్ల అడుగుతరు గదా, అమ్మ చిన్నప్పుడు ఎట్లుంటుండె అమ్మమ్మా, అని. నవ్వే ముచ్చట్లు మీకు శాన చెప్పిన. ఒక్క ముచ్చట మట్టుకు ఇన్నేండ్లు నోట్లకెల్లి రాలే. మీ చేతులల్ల గూడ ఇప్పుడు ఫోన్లు, కంప్యూటర్లు వచ్చినయి, ఏదో ఒకటి అందరికి పంపుకుంటనే ఉంటరు. అందుకే ఇయ్యాల చెప్త. మెల్లగ ఇనుండ్రి, నడుమ నడుమ అడగకుండ్రి.

మా క్వార్టరుకు రెండే అర్రలు, ఒక్కటే కిటికి. ఆ కిటికి తెరిస్తె ఎదురుంగ పక్క లైను గోడ, చెయ్యి చాపితె అందేంత దగ్గర. గాలి రావాల్నంటె అది గూడ మనిషి లెక్కనే అడ్డం తిరిగి ఆ సందులకెల్లి రావాలె. ఎండకాలంల పొద్దుమూకినంక గూడ గోడ సల్లారకపోతుండె, ఈపు ఆనిస్తె రొట్టెల పెంకకు ఆనిచ్చినట్టే. మాపటీలి దూరంగ, నేలను పైకెల్లే తవ్వి బొగ్గు తీసే ఓపెన్‌కాస్టుల బ్లాస్టింగు చేస్తె షెల్ఫుల గిన్నెలు గలగలమనేటియి, గోడల నెర్రెలు ఇంకింత జరిగేటియి. మీ అమ్మ నాలుగైదేండ్ల పిల్లప్పుడు ఆ నెర్రెలకు పేర్లు పెట్టుకున్నది. పెద్దది గోదారి, దానిల కలిసేది మానేరు, మూలకున్న సన్నది మా ఇంటెనక మోరి. మంచంల పండుకొని ఏలుతోని ఆ గోదారెంబడి పోయి పోయి, కప్పు కాడ ఆగిపోయి, "అమ్మా, ఇక్కన్నుంచి తొవ్వ లేదే" అనేది.

మీ తాత బాయి మీద లాంపు రూముల పనిచేస్తుండె. బొగ్గు బాయిల దిగేటోళ్ళకు నెత్తికి పెట్టుకునే లైట్లిచ్చుడు, ఎక్కినంక వాపస్ తీస్కునుడు, అదే ఆయన డ్యూటీ. గోడకు పెద్ద చెక్క ఉంటుండె, చెక్కకు మొలలు, దిగిన ప్రతి మనిషిదీ ఒక ఇత్తడి బిళ్ళ మొలకు ఏలాడుతుండె. మనిషి పైకొచ్చి లైటిచ్చి బిళ్ళ తీసుకపోవాలె. షిఫ్టు అయిపోయినంక ఒక్క బిళ్ళ మిగిలినా మనిషి ఇంక లోపట్నే ఉన్నడన్నట్టు, ఆ బిళ్ళ దిగేదాక ఆయన ఇంటికి రాకపోతుండె. నేను సద్ది కట్టిన గిన్నె అట్లనే తెచ్చిన రోజులున్నయి, మనిషి దొరికిండు గని ఆకలి పోయింది అనేటోడు. దిగేకాడ ఇంకో పద్ధతి ఉండె, అందరి జేబులు తడిమి చూసుడు. బీడీలు, అగ్గిపెట్టె లోపటికి పోవద్దు, ఎందుకంటె లోపట గ్యాసుంటది. దోస్తయినా, బావయినా, బామ్మర్దయినా తడిమినంకనే.

నైటు షిఫ్టు చేసొచ్చి ఆయన పొద్దంత పండుకుంటుండె. అప్పుడు ఇల్లంత నోరు కట్టేసుకొని ఉండాలె. మీ అమ్మ, పక్కింటి పిల్లలు గచ్చకాయలు ఆడుకునేటప్పుడు సప్పుడు రావద్దని కింద గోనెసంచి మడిచి పరుసుకునేటోళ్ళు. గెలిస్తె అరువద్దు, ఓడితె అరువద్దు, గెలిసిన పిల్ల రెండు చేతులు పైకెత్తి నోరు తెరిచి సప్పుడు లేకుంట అరిసేది. బయట ఎండ, లోపట మనిషి నిద్ర, నడిమిట్ల గడప మీద వీళ్ళ ఆట. అట్ల పెరిగింది మీ అమ్మ.

వానకాలం వస్తె వేరే తీరు. మక్కకంకులు బొగ్గుల మీద కాల్చితె లైనంత ఆ వాసనే, సర్వపిండి పెంకకు అంటుకొని మాడిన ముక్క కోసం కొట్లాట. బతుకమ్మ అప్పుడు గునుగు పువ్వుకు రంగులద్దేటోళ్ళ చేతులన్ని ఎర్రగ, నీలంగ ఉండేటియి, మేము చర్చికి పోయేటోళ్ళమయినా పువ్వు తెచ్చుడు, సత్తుపిండి ముద్దలు తినుడు మాకూ ఉండె. క్రిస్మస్ నెలల మా ఇంట్ల కారప్పూస, గరిజెలు, ఎదురు బద్దలకు రంగు కాయితం అతికిచ్చి చేసిన నక్షత్రం. చేసినది ఏదైనా ముందుగాల ఒక గిన్నె గోడ మీదికెల్లి మార్తమ్మకు పోవాలె. మార్తమ్మ మా గోడకు ఆవలి దిక్కు ఉండేది, నాకన్న ఎనిమిదేండ్లు చిన్నది, నన్ను అక్కా అనేది. గిన్నె ఎన్నడు ఉత్తగ వాపస్ రాకపోతుండె. ఏం లేకుంటె ఇంత చింతపండన్న, రెండు కరివేపాకు రెబ్బలన్న ఏసి ఇచ్చేది. మా వంట నచ్చకుంటె గోడ మీదికెల్లే చెప్పేది: "అక్కా, ఇయ్యాల ఉప్పు పొట్లం చేజారిందా, దావీదు రెండు చెంబుల నీళ్ళు తాగిండు."

దావీదు ఆమె మొగడు. మీ తాత పనిచేసే బాయిలనే హాలరు నడిపేటోడు. హాలరంటె పెద్ద డ్రమ్ము, దానికి ఇనుప తాడు, ఏటవాలుగ లోపటికి పోయే సొరంగంల ఆ తాడుతోని బొగ్గు టబ్బులను, మనుషులు కూసునే బండ్లను దింపుడు, గుంజుడు. కింది నుంచి గంట కొడ్తరు, గంటల లెక్క ఇని నడపాలె. తాడు మీద సున్నంతోని ఒక గీత పెడ్తరు, ఆ గీత ఎదురుంగ రాంగనే ఆపాలె. చెవులూ పనిచెయ్యాలె, కండ్లూ పనిచెయ్యాలె. దావీదు తక్కువ మాట్లాడే మనిషి, ఆదివారం చర్చిల ఎనక బెంచి మీద కూసుండి పాటంత కండ్లు మూసుకొనే పాడేటోడు.

మీ అమ్మ పేరు రూతు అని ఊకె పెట్టలే, మా అత్త పేరు అది. రూతు ఇంటర్ల చేరిన ఏడాదిల మా ఇంట్లకు కంప్యూటరు వచ్చింది. తెలంగాణ రాకముందు ఏడెనిమిదేండ్ల కింది ముచ్చట. ఆఫీసుల క్లర్కు ఒకాయన బదిలి అయి పోతుంటె మీ తాత కొన్నడు. టీవీ అంత పెద్ద డబ్బ, ఎనక బొర్ర, ముందర్రల సగం అదే. దానికి నేను పాత చీర కుట్టి ముసుగేసిన. కొన్ని నెలలయినంక చౌరస్తల నెట్ సెంటర్ పెట్టిన శీను అనేటాయన మా మూడు లైన్లకు వైరు గుంజిండు. ఇంట్లకెల్లి ఇంట్లకు, డాబాల మీదికెల్లి, బట్టల తీగెల పక్కపొంటి. ఆ వైరు మీద పిల్లలందరు ఒక ప్రోగ్రాం పెట్టుకున్నరు. నీ డబ్బల ఉన్న పాట నేను తీస్కోవచ్చు, నా డబ్బల ఉన్నది నువ్వు తీస్కోవచ్చు, నడిమిట్ల దుకాణం లేదు, సేటు లేదు. నాకు మంచిగనే అనిపిచ్చింది, మా గోడ మీద గిన్నెల లెక్కనే గదా అనుకున్న.

మీ తాతకు నచ్చలే. ఒకనాడు రూతు కొత్త సినిమా పెట్టుకొని చూస్తుంటె ఎనక నిలబడి అడిగిండు, "ఈ సినిమా కొన్నవా బిడ్డా?"

"లేదు బాపు, శీనన్న డబ్బలకెల్లి వచ్చింది."

"శీను తీసిండా సినిమా?"

మీ అమ్మ నవ్వింది. "అందరు గిట్లనే తెచ్చుకుంటున్నరు బాపు."

"టబ్బులకెల్లి పడ్డ బొగ్గు గూడ అందరు సంచులల్ల ఏరుకపోతరు. నేనెన్నడన్న ఒక పెళ్ళ తెచ్చిన్నా?"

నేను ఊకుంటనా, "తేలే, అందుకే నెలాఖరుకు మన పొయ్యిల పిల్లి పండుకుంటది" అన్న. ముగ్గురం నవ్వినం, ఆ మాట అట్లనే పోయింది. కాలేజిల కంప్యూటరు చెప్పే సారు గూడ రూతుకు చెప్పిండట, చేసినోళ్ళే అందరు పంచుకోండ్రని ఇచ్చిన పాటలు, పుస్తకాలు, ప్రోగ్రాములు వేరే ఉంటయి, అవి తీస్కుంటె తప్పు లేదు, మిగిలినయి పరాయి సొమ్మే అని. మీ అమ్మ తలకాయ ఊపింది, సినిమాలు తెచ్చుడు మానలే. పదహారేండ్ల పిల్ల, బయటికి పోతె ఎండ, లోపట ఉంటె సప్పుడు చెయ్యద్దు, ఆమెకున్న కిటికి అదొక్కటే.

అయితె ఆ ప్రోగ్రాంల అడుగు పెట్టాల్నంటె ఒక కాయిదా ఉండె. నువ్వు గూడ ఇంత అని లెక్క ప్రకారం బయట పెట్టాలె, తక్కువుంటె లోపటికి రానియ్యది. మీ అమ్మ కాడ అన్ని పాటలు లేకుండె. ఏది పెట్టాలె, ఏది పెట్టద్దు అని ఒక్కొక్కటి ఏరే ఓపిక గూడ లేదు. కంప్యూటర్ల డి అని ఒక అర్ర ఉంటదట, ఆ అర్రకు అర్రే తెరిచి పెట్టింది. మా లైన్ల పగటిపూట దర్వాజకు గొళ్ళెం పెట్టే అలవాటే ఎవలకు లేకపాయె, ఆ పిల్లకు మాత్రం ఎక్కన్నుంచి వస్తది.

ఆ డి అర్రలనే మా ప్రార్థనలు గూడ ఉండె. బేస్తారం బేస్తారం ఆడోళ్ళం ఉపాస ప్రార్థనకు మా ఇంట్లనే కూడేటోళ్ళం. రాహేలమ్మ అని ఒక ముసలామె నడుము ఇరిగి మంచంల పడ్డది, ఆమె కోసం పాటలు, వాక్యం మైకు పెట్టి కంప్యూటర్ల నింపి, సీడీ చేసి పంపేది మీ అమ్మ. సాక్ష్యాలు మట్టుకు నింపద్దు. సాక్ష్యమంటె ఎవరి బాధ వాళ్ళు లేచి చెప్పుకునుడు, అది ఆ అర్రల కూసున్నోళ్ళకే. అందుకని మా ఇద్దరికి ఒక గురుతుండె. సాక్ష్యాలు మొదలయ్యేటప్పుడు నేను చెయ్యి లేపాలె, రూతు బందు చెయ్యాలె.

ఆ ఎండకాలంల ఒక బేస్తారం, ఎండ బాగున్నది, కరెంటు ఇంక పోలే, ఫ్యాను తిరుగుతున్నది. పాట అయిపోయింది, అందరం కండ్లు మూసుకున్నం. ప్రార్థన నడుమనే మార్తమ్మ లేవకుంట కూసున్నకాన్నే మాట్లాడుడు మొదలువెట్టింది. నేను కండ్లు తెరువలే. తెరిస్తె ఆమె ఏడుపు చూసినట్టయితదని తెరువలే. చెయ్యి లేపుడు నాకు సోయిల లేదు. రూతు గూడ తలకాయ మీద చున్నీ కప్పుకొని కండ్లు మూసుకున్నది, ప్రార్థనల కండ్లు తెరిస్తె నేనే తొడపాశం పెడ్తుంటి చిన్నప్పటి సంది. మైకు ఒక్కటే అర్రల కండ్లు తెరుచుకొని కూసున్నది.

మార్తమ్మ చెప్పినదాని అర్థం ఇది. దావీదుకు ఎడమ కన్ను మసక పడ్డది, కుడిది గూడ తగ్గుతున్నది. తాడు మీద గీత సక్కగ కనబడ్తలేదు, గంటల లెక్కతోని, చేతుల అలవాటుతోని నెట్టుకొస్తున్నడు. దవాఖానల చూపిస్తె హాలరు మీదికెల్లి తీసేస్తరని భయం, చూపియ్యకుంటె ఏదో ఒకనాడు బండిల మనుషులుంటరని భయం. ఇంట్ల ఈ మాట ఎత్తితె కంచం ముంగట్నుంచి లేచిపోతున్నడు. ఇరవై మంది ఆడోళ్ళం ఇన్నం. ఒక్కతన్న బయట నోరు ఇప్పలే, ఆ మాట ఇయ్యాల గూడ ఒట్టు పెట్టి చెప్త.

సీడీలకెల్లి రూతు ఆ ముక్క కోసేసింది. కోసినంక అసలు నింపినది తీసెయ్యాలె గదా, తియ్యలే. పైగ దాని మీద ఎప్పటి లెక్కనే తారీకు, మాట్లాడినోళ్ళ పేరు రాసి పెట్టుకున్నది. సుబ్బరంగ పనిచేసే పిల్ల, అదే ముంచింది.

ఐదారు రోజులకు, మధ్యాహ్నం, నేను ఎనుకర్రల మామిడికాయ తొక్కుకు ముక్కలు తుడుస్తున్న. రూతు వచ్చి దర్వాజ పట్టుకొని నిలబడ్డది. "అమ్మా, మార్తమ్మ ఆంటీ మాటలు బయటికి పోయినయే" అన్నది. నాకు అర్థం కాలే. చెయ్యి పట్టుకొని తీసుకపోయి చూపిచ్చింది. మన డబ్బలకెల్లి ఎవరెవరు ఏమేం తీస్కపోతున్నరో ఆ ప్రోగ్రాంల ఒక మూలకు కనబడ్తదట. అప్పటిదాక ఆ మూల దిక్కు ఎన్నడు చూడలే. ముగ్గురు తీస్కున్నట్టు రాసున్నది, నాలుగో మనిషిది గీత మెల్లగ నిండుతున్నది. నేను చూస్తనే ఉన్న, అది నిండింది. రూతు అప్పుడు వైరు పీకింది.

ఇగ ఆ తర్వాత నాలుగు రోజులు అట్లనే గడిసినయి. మార్తమ్మ రోజూ గోడ కాడికి వచ్చేది, గిన్నె ఇచ్చేది, రూతు ఏందక్కా గట్ల పీక్కపోయింది, జొరమా అని అడిగేది. నేను ఎండదెబ్బ అంటుంటి. చెప్తె ఆమె కాళ్ళ కింద భూమి పోతది, చెప్పకుంటె ఎవరో బజార్ల చెప్తరు. బయటికి పోతె లైన్ల పోరగాండ్ల నవ్వులు, ఏ నవ్వు ఉత్త నవ్వో, ఏ నవ్వు దీని గురించో ఎరుక లేదు. రూతు గోడ దిక్కు తిరిగి పండుకొని, చిన్నప్పటి లెక్కనే ఆ నెర్రె మీద ఏలు పెట్టుకొని ఉండేది, అన్నం ముట్టకపోతుండె.

పోలీసులకు చెప్దామా అన్న నేను ఒకనాడు. ఆ ఎనుకటి నెలనే కొత్త సినిమాల సీడీలు కొట్టి అమ్మిండని శీనును టేషనుకు పిలిపిచ్చిండ్రు, షట్టరు వారం రోజులు మూసున్నది. రూతు లేచి కూసుండి, "వాళ్ళొస్తె ముందుగాల మన డబ్బనే తెరుస్తరమ్మా, దాంట్ల నలభై సినిమాలున్నయి" అన్నది. ఇగ ఏ దిక్కు పోవాలె. అడగకుంట మేము తెచ్చుకున్నది మా గొంతు పట్టుకున్నది, అడగకుంట మా దగ్గర్నుంచి పోయినది మార్తమ్మ గొంతు పట్టుకున్నది. బాయిల కప్పు కూలినప్పుడు ముందటికి తొవ్వ ఉండది, ఎనకకు తొవ్వ ఉండదంటరు, నేను దిగి చూడలే గని ఆ ముందర్రల కూసుండి చూసిన.

మీ తాతకు చెప్పలే. ఆయనే తెలుసుకున్నడు. నాలుగో రోజు ఫస్టు షిఫ్టు చేసి వచ్చి, బూట్లు ఇప్పకుంటనే కూసుండి, "లాంపు కాడ పోరగాండ్లు దావీదును చూసి, మామా, గీత కనబడ్తుందా, నా ఏళ్ళు ఎన్నో చెప్పు అని పరాచికాలాడుతున్నరు. వాడికి అర్థం కాక నా దిక్కు చూసిండు. ఏందిది?" అన్నడు. రూతు మొత్తం చెప్పింది. నేను చెయ్యి లేపలే అని నేను చెప్పిన. ఆయన ఇద్దరి మీద గూడ అరువలే. అరిస్తె బాగుండు అనిపిచ్చింది. బూట్లు ఇప్పుకుంట, "రేపు దావీదు ఫస్టు షిఫ్టు. బండిల మనుషులుంటరు. ఇయ్యాల్నే పోయి చెప్పుండ్రి" అన్నడు.

మేమిద్దరం పోయేసరికి మార్తమ్మ వాకిట్ల బొగ్గుపొడి, ఎర్రమట్టి కలిపి ఉండలు చేస్తున్నది, ఆరినంక పొయ్యిలకు పనికొస్తయని. మోచేతుల దాక నలుపు. సగందాక నేను చెప్పిన, మిగిలినది రూతు చెప్పింది. మార్తమ్మ చేతులు ఆగలే, ఉండ చేసి పెట్టింది, ఇంకోటి చేసి పెట్టింది.

"ఎంతమంది ఇన్నరు బిడ్డా?"

"నలుగురు తీస్కున్నరు ఆంటీ. వాళ్ళ దగ్గర్నుంచి ఎంతమందికి పోయిందో నాకు తెల్వది."

"మళ్ళ వాపస్ తెప్పియ్యరాదా?"

"రాదు ఆంటీ."

"నీకు కంప్యూటరంత వస్తది గదా."

రూతు ఏడ్చుడు మొదలువెట్టింది. మార్తమ్మ నా దిక్కు చూసింది. "నువ్వు కండ్లు మూసుకున్నవక్కా. నేనూ మూసుకున్న. ఎవరిననాలె" అన్నది. తర్వాత, "ఇగ పోండ్రి, ఆయనకు నేనే చెప్పుకుంట" అని మిగిలిన పొడి మీద నీళ్ళు చల్లింది.

ఆ రాత్రి గోడకు ఆవలి దిక్కు ఏ సప్పుడు రాలే. తెల్లారి దావీదు మా దర్వాజ కాడికి వచ్చిండు, డ్యూటీ బట్టలల్ల గాదు, చర్చికి ఏసుకునే తెల్లంగితోని. మీ తాతను చూసి, "అన్నా, దవాఖాన దాక వస్తవా, బోర్డు మీద రాసినయి చదవమంటరేమో, తోడుంటె ధైర్యం" అన్నడు. ఇద్దరు నడుచుకుంట పోయిండ్రు. హాలరు మీదికెల్లి ఆయనను తీసేసి పైన స్టోర్ల పని ఇచ్చిండ్రు. జీతం తగ్గింది, లైన్ల ఆయన పేరు పక్కన ఒక మాట అతుక్కున్నది. బండిల ఎవలకు ఏం కాలే. అట్లని మేము చేసినది మంచిదయిందని ఎవలన్న అంటె నేను ఒప్పుకోను. ఆ నిర్ణయం ఆయనది, ఆయన టైముకు ఆయన తీస్కునేటోడేమో, పోరగాండ్ల నవ్వుల నడుమ తీస్కునే గతి మేము పట్టిచ్చినం.

మీ తాత రూతును ఎంబడి పెట్టుకొని ఆ నలుగురి ఇండ్లకు పోయిండు. అడుక్కునేటోని లెక్క దర్వాజ కాడ నిలబడి, మీ దాంట్లకెల్లి అది తియ్యుండ్రి అని చెప్పిండు. ముగ్గురు తల వంచుకొని ఆయన ముంగట్నే తీసేసిండ్రు. నాలుగోడు అప్పటికే సీడీ కొట్టి దోస్తుకిచ్చిండట, ఆ దోస్తు ఇంకెవలకో ఇచ్చిండట, ఆ తొవ్వ అక్కడ్నే తెగింది. అన్ని బిళ్ళలు లెక్క కుదిరేదాక ఇంటికి రాని మనిషి, ఆ ఒక్కటి కుదరకుంటనే వాపస్ వచ్చిండు.

కంప్యూటరు సారును ఒక ఐతారం ఇంటికి పిలిచి చాయ్ పోసినం. ఆయన రూతు పక్కన కూసుండి అన్ని చూపిచ్చిండు. బయటికి ఇచ్చేటియి పెట్టుకునేటందుకు ఒక్కటే వేరే సంచి చేసుకోవాలె, ఆ సంచి తప్ప ఇంకేది తెరువద్దు. వేరే ఇంటి కంప్యూటరుకెల్లి మన సంచిల ఏం కనబడ్తుందో చూసి రావాలె, మన ఇంట్ల కూసుంటె మనకు తెల్వది. పని కాంగనే ప్రోగ్రాం బందు చెయ్యాలె, కంప్యూటరు ముట్టియ్యంగనే అదంతట అదే లేచేటట్టు పెట్టద్దు. పాట అని పేరుండి, తెరువంగనే పాట పాడకుంట డబ్బను నెమ్మది చేసేటియి గూడ ఉంటయి, రూతు అసొంటిది ఒకటి అప్పటికే తెచ్చి పెట్టింది, దాన్ని తీసేసిండు. మీ తాత ఎనక నిలబడి అన్ని ఇని, "లోపటికి పోయేది తడమాలె, బయటికి వచ్చేది లెక్క చూడాలె, మా బాయి పద్ధతే గదా సారూ" అన్నడు. ఆ నలభై సినిమాలు రూతు తనంతట తనే తీసేసింది, ఎవలం చెప్పలే. తర్వాత ఆ సంచిల ఏముండెనో ఎరుకనా, పంచుకోమని చేసినోళ్ళే ఇచ్చిన ప్రోగ్రాములు కొన్ని, రాహేలమ్మ తనే కట్టి పాడిన పాటలు మూడు. ఆ పాటలు పెట్టేముందు రూతు పోయి మంచం పక్కన కూసుండి అడిగింది. ముసలామె నవ్వి, "పెట్టు బిడ్డా, నేను లేవకున్న నా పాటన్న నాలుగూర్లు తిరిగొస్తది" అన్నది.

మార్తమ్మ ఎనిమిది నెలలు బేస్తారం ప్రార్థనకు రాలే. గిన్నెలు మట్టుకు గోడ మీదికెల్లి ఎప్పటి లెక్కనే పోయినయి, వచ్చినయి, ఉప్పు గురించి మాట్లాడుడు మానేసింది. క్రిస్మస్ ముందర వచ్చి కూసున్నది. అప్పటికి మేము మైకు తీసి పక్కన పెట్టి శాన రోజులయింది, అయినా ఆమె కూసునే ముందు బల్ల కింద, ముసుగు కింద చూసుకున్నది. పాటలు పాడింది. సాక్ష్యం ఎన్నడు చెప్పలే. ఆమెను చూసి మిగిలినోళ్ళు గూడ మెల్లగ తగ్గిచ్చిండ్రు, అందరం మంచిగున్నం, దేవునికి స్తోత్రం అని లేచిపోవుడే.

ఆ లైన్లు ఇప్పుడు లేవు బిడ్డా. పక్కనున్న ఓపెన్‌కాస్టు జరిగి జరిగి వచ్చింది, క్వార్టర్లు కూలగొట్టిండ్రు, మా ముందర్ర ఉన్నకాడ ఇప్పుడు లారీలు దిగే లోతు. మీ తాత రిటైరయి పెద్దపల్లికి వచ్చినం. ఇండ్లల్ల గ్యాసు పొయ్యిలు, గోడలు ఎత్తుగ కట్టుకున్నరు, గిన్నె అందదు. బేస్తారం ప్రార్థన ఫోన్ల గ్రూపుల నడుస్తది, ఒకామె జోడిచ్చిన చేతుల బొమ్మ పెడ్తది, కింద ముప్పై మంది అదే బొమ్మ పెడ్తరు. ఎవరి బాధ ఏందో ఎవలకు తెల్వది. నేను గూడ బొమ్మనే పెడ్త. ఒక అర్రల కండ్లు మూసుకొని, పక్కన ఎవరున్నరో చూసుకోకుంట గొంతు ఇప్పే ఆడోళ్ళను నేను మళ్ళ చూడలే.

ఈ ముచ్చట మీకు చెప్పాలె అనుకున్నంక, వారం కింద మార్తమ్మకు ఫోను చేసిన. ఆమె మందమర్రిల కొడుకు దగ్గర ఉంటున్నది, దావీదు పోయి ఐదేండ్లాయె. పిల్లలకు చెప్పుదునా చెల్లె, వద్దంటె నాతోనే ఉంటది అన్న.

"చెప్పక్కా," అన్నది. "రూతు పిల్లలు గదా. కాని మా పేర్లు పెట్టకు."

అందుకే మార్తమ్మ, దావీదు అని నేను పెట్టిన పేర్లు. అసలు పేర్లు మీ అమ్మకు ఎరుకే. అడిగినా చెప్పది.